ఏ ఫోన్ కొనమంటావు పెద్దమ్మా అని అడిగిన పిల్లలకు

చిరంజీవులకు,

బరంపురం నుంచి పెద్దమ్మ దీవెనలు. మీరు ముగ్గురూ ఎవరికి వారు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. ఆండ్రాయిడ్ కొనమంటావా, ఐఫోన్ కొనమంటావా అని. పెద్దమ్మాయి హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగంలో చేరబోతోంది. అబ్బాయి మన పట్టుచీరల కొట్టు చూసుకోవడానికి వస్తున్నాడు. చిన్నది ఇంకా ప్లస్ టూలో ఉంది. ముగ్గురి పనీ వేరు కాబట్టి ముగ్గురికీ ఒకే జవాబు చెప్పలేను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని తీరిగ్గా రాస్తున్నాను. మీ స్నేహితులు అడిగితే వాళ్లకూ చదివి వినిపించండి.

కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఎంత అని మీరు మొదలుపెడతారు. నేను మొదట అడిగేది ఒక్కటే: అది ఎవరి ఫోను? కొట్టుదా, ఇంటిదా, కంపెనీ వాళ్లకు లెక్క చెప్పాల్సిందా? ఈ మూడూ ఒకే ఫోన్‌లో కలగాపులగం చేసుకున్నవాళ్లే తర్వాత ఇబ్బంది పడుతున్నారు. వాళ్ల చేతిలో ఏ కంపెనీ ఫోన్ ఉన్నా ఆ ఇబ్బంది తప్పడం లేదు.

ఈ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం చెబుతాను. ఆపిల్ మొదటి ఐఫోన్ 2007లో వచ్చింది. ఆండ్రాయిడ్ అనే చిన్న కంపెనీని గూగుల్ 2005లో కొనుక్కుంది. దాంతో నడిచే మొదటి ఫోన్ 2008లో బజారుకు వచ్చింది. అప్పట్లో పెద్ద వ్యాపారస్తుల చేతిలో బ్లాక్‌బెర్రీ, మిగతా అందరి చేతిలో నోకియా ఉండేవి. మైక్రోసాఫ్ట్ కూడా విండోస్ ఫోన్లతో కొన్నాళ్లు పోటీ పడి విరమించుకుంది. బ్లాక్‌బెర్రీ సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచే పాత ఫోన్లకు 2022 జనవరి 4తో సేవలు ఆగిపోయాయి. అందుకే పార్టీల, అంటే మన దగ్గర కొనేవాళ్ల, నంబర్లు ఎప్పుడూ ఫోన్‌లోనో సిమ్‌లోనో మాత్రమే ఉంచొద్దు. జీమెయిల్ ఖాతాలో దాచితే రేపు ఏ ఫోన్‌కు మారినా మీ వెంటే వస్తాయి.

ఆపిల్ ఫోనూ తనే తయారుచేయిస్తుంది, లోపలి సాఫ్ట్‌వేరూ తనదే. ఆండ్రాయిడ్ అలా కాదు. మూల సాఫ్ట్‌వేర్ గూగుల్ ఇస్తుంది. శాంసంగ్, షియోమీ, వివో, మోటరోలా లాంటివి దానికి తమ మార్పులు చేసుకుని అమ్ముతాయి. పది వేల లోపు దొరికేదీ ఆండ్రాయిడే, లక్ష దాటినదీ ఆండ్రాయిడే. "ఆండ్రాయిడ్ రెండేళ్లకే నత్తలా అయిపోతుంది" అని ఎవరైనా అంటే, ఏ ధరలో కొన్నారో ముందు అడగండి. చవక ఆండ్రాయిడ్‌ను ఖరీదైన ఐఫోన్ పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు.

ఇక కొట్టు సంగతి. అబ్బాయికి ఎక్కువ రాస్తున్నానని ఆడపిల్లలు అలగొద్దు. అక్కడ తేడా వస్తే దెబ్బ ఇంటిల్లిపాదికీ తగులుతుంది. మన వీధిలోనే ఒక కొట్టులో గుమాస్తా తన సొంత నంబరు నుంచే వాట్సాప్‌లో చీరల ఫొటోలు పంపేవాడు. ఆర్డర్లు కూడా ఆ నంబరుకే వచ్చేవి. అతను పని మానేసి వేరే చోట చేరాడు. పార్టీలన్నీ అతని వెంటే పోయాయి. అతను మోసమేమీ చేయలేదు. నంబరు అతనిది, యజమాని దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే. కాబట్టి నాన్నా, కొట్టుకు విడిగా ఒక సిమ్ తీసుకో. అది ఇంట్లోవాళ్ల పేరు మీద ఉండాలి. ఆ నంబరు మీద 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టు. మామూలు వాట్సాప్ నీ సొంత నంబరు మీద పక్కనే ఉంటుంది. ఇది రెండు రకాల ఫోన్లలోనూ కుదురుతుంది. ఒక ఖాతాను ఇంకో నాలుగు చోట్ల తెరుచుకోవచ్చు కాబట్టి గుమాస్తా కంప్యూటర్ మీద జవాబులిస్తాడు. అతను మానేసిన రోజు ఆ కంప్యూటర్‌ను లాగౌట్ చేస్తే సరిపోతుంది.

కొట్టు ఫోన్ ఆండ్రాయిడ్ అయితేనే మేలని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను. మన బజారులో దొరికే చిన్న బ్లూటూత్ బిల్లు మెషీన్లలో చాలావరకు ఐఫోన్‌తో కలవవు. పాత పద్ధతి బ్లూటూత్‌తో నడిచే బిల్లు మెషీన్ ఐఫోన్ యాప్‌తో కలవాలంటే దానికి ఆపిల్ అనుమతి ఉండాలి. చవక మెషీన్ చేసేవాళ్లు ఆ ఖర్చు పెట్టుకోరు. ఆండ్రాయిడ్‌తో ఆ తంటా లేదు. రెండోది సిమ్ సంగతి. మన దగ్గర చాలామందికి ఒడిశా నంబరొకటి, ఇచ్ఛాపురం వైపు చుట్టాల కోసం ఆంధ్రా నంబరొకటి ఉంటాయి. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు సిమ్ కార్డులూ పెట్టుకోవచ్చు. మన దేశంలో అమ్మే రెండు నంబర్ల ఐఫోన్లలో ఒకటికి మించి కార్డు పట్టదు, రెండోది ఈసిమ్, అంటే ఫోన్ లోపలే ఉండే సిమ్. ఈసిమ్ మామూలు రోజుల్లో హాయిగానే ఉంటుంది. కానీ 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు స్మార్ట్‌ఫోన్ చార్జింగ్ అయిపోతే సిమ్ తీసి కీప్యాడ్ ఫోన్‌లో వేసుకుంటాం. ఈసిమ్‌ను అలా చేత్తో తీసి వేయలేం. సముద్రం పక్కన ఉన్నవాళ్లం, దీన్ని పట్టించుకోకుండా ఉండలేం. చార్జర్ల గొడవ మాత్రం తీరిపోయింది. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి వాటికీ టైప్ సీ వైరే.

పడితే పగిలేది స్క్రీన్. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ అయితే బజారులోనే సాయంత్రానికి మార్చి ఇస్తారు. ఐఫోన్‌కు అసలు సామాను వేయించాలంటే అధీకృత సెంటర్‌ వెతుక్కోవాలి, ఖర్చూ ఎక్కువే. పెళ్లిళ్ల సీజన్‌లో రెండు రోజులు కొట్టు ఫోన్ చేతిలో లేకపోతే ఎంత టెన్షనో నీకే తెలుస్తుంది.

చీరల ఫొటోల మాట వేరు. ఇక్కడ ఐఫోన్‌ను మెచ్చుకోక తప్పదు. కొంగు తిప్పి చూపిస్తూ వీడియో తీస్తే చెయ్యి వణికినా బొమ్మ నిలకడగా ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా శుభ్రంగా కనిపిస్తుంది. మంచి ధర ఆండ్రాయిడ్‌లూ ఇప్పుడు అంతే బాగా తీస్తున్నాయి, చవకవి ఇంకా తడబడుతున్నాయి. కానీ పట్టు అమ్మేవాళ్లకు అసలు తలనొప్పి రంగు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో స్క్రీన్ కొన్నప్పుడే రంగులు కొట్టొచ్చినట్టు కనిపించేలా పెట్టి ఉంటుంది. ఫోన్‌లో చూస్తే కుంకుమ రంగు నిప్పులా మండుతుంది, చీర విప్పితే నిదానమైన మెరూన్. సెట్టింగుల్లో డిస్‌ప్లేలోకి వెళ్లి సహజమైన రంగులు ఎంచుకో. ఐఫోన్‌లో ట్రూ టోన్ అని ఒకటి ఉంటుంది. గదిలో వెలుతురును బట్టి అది తెర రంగును మార్చేస్తుంది. ఫొటోలు సరిచూసుకునేటప్పుడు దాన్ని ఆపు. ఏ ఫోన్ అయినా సరే, ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని చోట తీయి. గుడి ఆకారపు ఫొడా కుంభ అంచు, జరీ విడివిడిగా దగ్గర నుంచి ఒక్కో ఫొటో తీయి. దూరాన ఉన్నవాళ్లు ఆ అంచు చూసే బరంపురం పట్టు అని నమ్ముతారు.

పెద్దమ్మాయీ, ఇది నీకు. కంపెనీ వాళ్లు ఫోన్ ఇస్తే అది ఏ రకమైనా తీసుకో. దాంట్లో ఇంటి ఫొటోలు, బ్యాంకు యాప్‌లు పెట్టకు. ఆ ఫోన్‌ను దూరం నుంచే మొత్తం తుడిచేసే వీలు వాళ్లకు ఉంటుంది. నీ సొంత ఫోన్‌లోనే ఆఫీసు మెయిల్ పెట్టుకోమంటే మాత్రం కాస్త ఆలోచించాలి. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అనేది 2014లో వచ్చిన ఐదో వెర్షన్ నుంచి ఉంది. ఆఫీసు యాప్‌లు విడిగా, చిన్న పెట్టె గుర్తుతో కనిపిస్తాయి. కంపెనీ వాళ్లకు ఆ భాగం మీదే అధికారం. నీ ఫొటోలు, నీ వాట్సాప్ వాళ్లకు కనపడవు. సాయంత్రం ఇంటికి వచ్చాక దాన్ని ఒక్క నొక్కుతో నిద్రపుచ్చవచ్చు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ఐఫోన్‌లోనూ ఆఫీసు యాప్‌లను, వాటి సమాచారాన్ని కంపెనీ విడిగా నడుపుకోవచ్చు. కానీ కంటికి రెండు గదుల్లా అంత స్పష్టంగా కనిపించదు. 2021 నుంచి ఫోకస్ అని ఒకటి ఇచ్చారు. పని వేళల్లో ఒక తెర, ఇంటి వేళల్లో ఇంకో తెర పెట్టుకోవచ్చు. ఇందులో ఏది ఒప్పుకోవాల్సి వచ్చినా, ఏమేం అనుమతులు అడుగుతోందో చదవకుండా సరే అని నొక్కకు. నువ్వు నాలుగైదేళ్లు ఒకే ఫోన్ వాడే మనిషివి, జీతం వస్తుంది కాబట్టి ఐఫోన్ కొనుక్కుంటానంటే నేను అడ్డు చెప్పను.

ఆ నాలుగైదేళ్ల మాటే అందరూ చూడాల్సింది. ఫోన్‌కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాక దాంతో డబ్బు లావాదేవీలు చేయకూడదు. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్‌ఎస్‌కు 2024 నాటి ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 కూడా వచ్చింది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ ఎస్24 నుంచి ఏడేళ్ల హామీ ఇస్తున్నారు. చవక ఫోన్లలో కొన్నిటికి రెండు మూడేళ్లే. కాబట్టి ధరను అప్‌డేట్లు వచ్చే ఏళ్లతో భాగించి చూడండి. 12 వేల ఫోన్‌కు రెండేళ్లే వస్తాయనుకోండి, ఏడాదికి 6 వేలు పడింది. 25 వేల దానికి ఆరేళ్లు వస్తే ఏడాదికి 4 వేల చిల్లర. చవక అనుకున్నదే ఖరీదు అయింది. కొనేముందు కొట్టువాడి మాట కాకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో ఎన్నేళ్లని రాశారో చూడండి.

మోసాల గురించి చెప్పకుండా ఉండలేను. బండి చలానా అని, పెళ్లి శుభలేఖ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్‌లో యాప్ ఎక్కించే ఫైలు, పంపుతున్నారు. ఆండ్రాయిడ్‌లో దాన్ని నొక్కి, వచ్చిన హెచ్చరికలన్నీ దాటేసి అనుమతులు ఇస్తే మన మెసేజీలు, అందులో వచ్చే ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. ఐఫోన్‌లో ఏపీకే అసలు తెరుచుకోదు. మన దేశంలో దానికి యాప్‌లు ఆపిల్ స్టోర్ నుంచే రావాలి. ఈ ఒక్క విషయంలో ఐఫోన్ వాడేవాళ్లకు నిజంగా రక్ష ఉంది. కానీ పోలీసులమని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్ట్ అని బెదిరించేవాడికి మీ ఫోన్ ఏదైతేనేం. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఆలస్యం చేస్తే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

భాష విషయంలో ఇప్పుడు పెద్ద తేడా లేదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఒకటి మెసేజ్‌లో వస్తే చాలు ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. మనం కొట్లో ఒడియా, ఇంట్లో తెలుగు రాస్తాం కదా, రెండిట్లోనూ ఈ రెండు భాషల కీబోర్డులూ పెట్టుకుని మార్చుకుంటూ వాడుకోవచ్చు.

ఇల్లు అంటే కబుర్లు, ఫొటోలు. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లినవాళ్లు, విశాఖలో ఉన్న చుట్టాలు, అందరూ వాట్సాప్‌లోనే ఉన్నారు. ఆపిల్ వీడియో కాల్ యాప్ ఫేస్‌టైమ్ కోసం ఐఫోన్ కొనాల్సిన పని లేదు. దాచుకునే చోటు మాత్రం చూసుకోండి. గూగుల్ ఉచితంగా 15 జీబీ ఇస్తుంది, ఆపిల్ ఐక్లౌడ్ 5 జీబీ. పెళ్లి వీడియోలు రెండు పడితే ఆ 5 నిండిపోతుంది, తర్వాత నెలనెలా కట్టాలి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారేవాళ్లు కొత్త ఫోన్ మొదటిసారి సెట్ చేసేటప్పుడే మూవ్ టు ఐఓఎస్ అనే యాప్‌తో వాట్సాప్ కబుర్లు తెచ్చుకోవాలి. రోజూ వాడడం మొదలుపెట్టాక గుర్తొస్తే మళ్లీ మొదటి నుంచీ చేయాల్సి వస్తుంది.

చిట్టీ, నీకు నచ్చని మాట చెబుతున్నాను. నీకిప్పుడు ఐఫోన్ వద్దు. మీ నాన్న దాన్ని ఈఎంఐలో కొనడం నాకు అస్సలు ఇష్టం లేదు. పాఠాలు వినడానికి, ఫారాలు నింపడానికి మంచి మధ్యస్థ ఆండ్రాయిడ్ చాలు. తరగతిలో అందరి దగ్గరా ఉందని నువ్వు బాధపడుతున్నావని నాకు తెలుసు. ఆ బాధ చిన్నదని నేననను. కానీ ఆ వాయిదాలు నీ కాలేజీ ఫీజు కట్టే నెలల్లోనే పడతాయి.

మామ్మకు కీప్యాడ్ ఫోనే ఉంచండి. 2022 నుంచి యూపీఐ 123పే ఉంది కాబట్టి నెట్ లేకుండానే దాంతో డబ్బు పంపవచ్చు.

పాత ఫోన్ ఎవరికి ఇస్తున్నా ముందు మీ ఆపిల్ ఖాతానో గూగుల్ ఖాతానో తీసేసి, ఆ తర్వాతే మొత్తం చెరిపేయండి. లేకపోతే కొన్నవాళ్ల చేతిలో అది తాళం పడిన పెట్టెలా మిగులుతుంది. పాతది మీరే కొంటుంటే అమ్మేవాడి చేత మీ ఎదురుగానే ఆ ఖాతా తీయించండి. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దాన్ని ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూస్తే ఆ ఫోన్ దొంగిలించినదని ఎవరైనా బ్లాక్ చేయించారో లేదో తెలుస్తుంది. మీ సొంత ఫోన్ పోయినా అక్కడే బ్లాక్ చేయించాలి, అప్పుడు ఆ అంకెలు అడుగుతారు. ఇప్పుడే చూసి, కాగితం మీద రాసి, బిల్లుతో పాటు బీరువాలో పెట్టండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ
బరంపురం