నల్లని తెర, రెండు పనసకాయలు

విశాఖ చినవాల్తేరులో మా పక్కవాటాలో ఉండే ఇంజనీరింగ్ విద్యార్థి కిందటి వర్షాకాలంలో ఒక ఉదయం వచ్చి, "మాస్టారూ, కంప్యూటరు ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావడం లేదండీ. నిన్న రాత్రి పదకొండింటి దాకా బాగానే పనిచేసింది. రాత్రికి రాత్రే పాడైపోతుందాండీ?" అని అడిగాడు. ఆ చివరి ప్రశ్న నన్ను పట్టుకుంది. ఎవరూ ముట్టుకోని యంత్రంలో, అది ఆపి ఉన్న వేళలో, మారగలిగింది ఏమిటి?

కేబుల్ వదులుగా ఉండడం, మానిటర్‌లో వేరే ఇన్‌పుట్ ఎంపికై ఉండడం, గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రంలో పొరపాటున ప్రధాన బోర్డైన మదర్‌బోర్డు పోర్టుకు కేబుల్ తగిలించడం వంటివి అతను చూసుకునే వచ్చాడు కనుక వాటిని ఇక్కడ విడిచిపెడుతున్నాను.

స్విచ్ నొక్కిన వెంటనే, గోడ కరెంటును కంప్యూటరుకు తగ్గట్టు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ తన వోల్టేజీలు స్థిరపడేదాకా ఆగి, ఆ తరువాత 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు బూడిదరంగు తీగ మీద మదర్‌బోర్డుకు 'పవర్ గుడ్' అనే సంకేతం పంపుతుంది. అంతవరకు ప్రాసెసర్ పని మొదలుపెట్టకుండా రీసెట్ స్థితిలోనే ఉంటుంది. విడుదల కాగానే అది మెమరీ చిరునామాల లెక్కలో 4 జీబీ హద్దుకు సరిగ్గా 16 బైట్ల దిగువనున్న చిరునామా నుంచి తన మొదటి ఆదేశాన్ని చదువుతుంది. ఆ చిరునామా మదర్‌బోర్డు మీది చిన్న ఫ్లాష్ చిప్‌లోకి దారితీస్తుంది, యంత్రాన్ని మేల్కొలిపే బయోస్ అనే ప్రోగ్రాము అక్కడే ఉంటుంది. ఆ క్షణానికి, పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని పట్టి ఉంచే ర్యామ్ ఇంకా సిద్ధంగా లేదు కాబట్టి, ప్రాసెసర్ లోపలి క్యాష్ అనే చిన్న మెమరీనే తాత్కాలికంగా వాడుకుంటూ ర్యామ్‌ను లేపే పని మొదలవుతుంది. ర్యామ్ చిప్పులున్న ప్రతి పలక (మాడ్యూలు) మీదా దాని వేగమూ పరిమాణమూ రాసి ఉన్న బుల్లి చిప్ ఒకటి ఉంటుంది. దాన్ని చదివి, ర్యామ్‌ను సిద్ధం చేసిన తరువాతే సాధారణంగా గ్రాఫిక్స్ వంతు వస్తుంది. తెర మీద ఒక్క అక్షరం పడాలన్నా ముందు ర్యామ్ లేవాలి. ర్యామ్ లేవలేదన్న సంగతిని తెర మీద రాసి చెప్పడానికి యంత్రానికి దారి లేకపోవడం వల్లనే మనకు నల్లని తెర, కొన్ని యంత్రాల్లో బీప్ శబ్దాలు, ఈ మధ్య వస్తున్న బోర్డుల మీద 'డీర్యామ్' అని రాసి ఉన్న చోట ఆరకుండా వెలిగే చిన్న దీపం కనిపిస్తాయి.

మన బడుల్లో క్యాబినెట్ మొత్తాన్ని చూపించి 'ఇది సీపీయూ' అని నేర్పుతున్నాము. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. అగ్గిపెట్టెను మించని ప్రాసెసర్ పేరు అంత పెద్ద పెట్టెకు పెట్టడం వల్ల, పెట్టె లోపల వేర్వేరు భాగాలు ఒకదానికొకటి తగిలి ఉండాలనీ, ఆ తగలడమే తప్పిపోవచ్చుననీ పిల్లలకు తట్టే అవకాశమే లేకుండా పోతోంది.

అతని యంత్రంలో తప్పిపోయింది ఆ తగలడమే. డీడీఆర్4 అనే రకం ర్యామ్ మాడ్యూలు అంచున 288 బంగారు పిన్నులు ఉంటాయి. స్లాటులోని స్ప్రింగులు వాటిని నొక్కి పట్టుకుంటాయి. కంటికి అద్దంలా నునుపుగా కనిపించే ఆ బంగారు పూత సూక్ష్మదర్శిని కింద ఎత్తుపల్లాలమయం. రెండు పనసకాయలను పక్కపక్కన ఆనించి పట్టుకున్నట్టు ఊహించండి. దూరం నుంచి చూసేవారికి ఆ రెండూ అరచేతి వెడల్పున తగులుతున్నట్టే ఉంటుంది, కానీ నిజంగా తగిలేవి కొన్ని ముళ్ళ మొనలు మాత్రమే; మిగిలిన చోటంతా ఖాళీ. ఒక లోహం నుంచి మరొక లోహంలోకి పోయే విద్యుత్తు ఆ కొద్దిపాటి మొనల గుండానే ఇరుక్కుంటూ పోవాలి. ఈ స్పర్శ బిందువుల శాస్త్రానికి పునాది వేసినవాడు స్వీడన్ దేశస్థుడైన రాగ్నార్ హోమ్. కాయలు ఎంత పెద్దవైనా తగిలే చోటు పెరగదు, గట్టిగా అదిమి ముళ్ళను నలిపితేనే పెరుగుతుంది. లోహాల విషయంలోనూ నిజమైన స్పర్శ వైశాల్యాన్ని నిర్ణయించేది పైకి కనిపించే వెడల్పు కాదు, అదిమే బలమూ లోహపు మెత్తదనమూ. బంగారాన్ని ఎంచుకోవడానికి తుప్పు పట్టకపోవడం ఒక కారణమైతే, దాని ముళ్ళు సులువుగా నలగడం మరొకటి. మరీ మెత్తగా ఉంటే ఒరిపిడికి తొందరగా అరిగిపోతుందని ఇలాంటి చోట్ల వాడే బంగారంలో కొద్దిగా కోబాల్ట్ కలుపుతారు.

ఇప్పుడు ఆ రెండు కాయల నడుమ పనస జిగురు కారిందనుకోండి. మొనలు తగులుతూనే ఉంటాయి, కానీ మధ్యలో పొర అడ్డం వస్తుంది. విశాఖలో ఆ జిగురు పని సముద్రపు గాలి చేస్తుంది. బంగారు పూత మందం సాధారణంగా ఒక మైక్రోమీటరు లోపే కాబట్టి అందులో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. గాలిలోని తేమా ఉప్పులోని క్లోరైడూ వాటి గుండా దిగి, కింద ఉన్న నికెల్‌నూ రాగినీ తిని, అక్కడ పుట్టిన పదార్థాన్ని పైకి తెచ్చి బంగారం మీద పరుస్తాయి. బంగారం చెడదు, బంగారం కింద ఉన్నది చెడుతుంది.

అతను అడిగిన 'రాత్రికి రాత్రే' అన్న మాటకు సమాధానం వేడిలో ఉంది. సుమారు 133 మిల్లీమీటర్ల పొడవున్న ర్యామ్ మాడ్యూలు 30 డిగ్రీలు వేడెక్కితే 60 మైక్రోమీటర్లకు అటూ ఇటూగా, అంటే దాదాపు ఒక వెంట్రుక మందమంత, సాగుతుంది. దాన్ని పట్టుకున్న స్లాటు అదే వేడిని అందుకోదు, అంతే సాగదు. కాబట్టి ఆన్ చేసినప్పుడల్లా, ఆపినప్పుడల్లా ఆ రెండు పనసకాయలు ఒకదాని మీద ఒకటి రవ్వంత జరుగుతూనే ఉంటాయి. రాత్రి పదకొండింటికి యంత్రం వేడిగా ఉన్నప్పుడు ఏ ముల్లు ఏ ముల్లును ఆనుకొని ఉందో, తెల్లవారుజామున చల్లారిన తరువాత అదే ముల్లు దాన్నే ఆనుకొని ఉండదు. జిగురు ఉన్న చోటికి జరిగి ఉండవచ్చు. ఎవరూ ముట్టుకోని యంత్రంలో మారింది అదే.

మొన ఒకటి రెండు చోట్ల మిగిలినా చాలదా అన్న సందేహం రావచ్చు. నెమ్మదైన పనికి చాలవచ్చు, వేగమైన పనికి చాలదు. మాడ్యూలు మీది బుల్లి చిప్‌ను చదివే తీగల్లో సెకనుకు లక్షల బిట్లే నడుస్తాయి. డీడీఆర్4 3200 రకంలో ఒక్కొక్క డేటా తీగ మీద సెకనుకు 320 కోట్ల బిట్లు నడుస్తాయి. ఒక్కో బిట్టుకు దక్కే కాలం 0.3125 నానోసెకను, ఆ వ్యవధిలో శూన్యంలో కాంతి సైతం 9.4 సెంటీమీటర్లే పోగలదు. అందుచేత మదర్‌బోర్డు ఆరంభంలోనే ఆ 64 డేటా తీగల మీద తెలిసిన నమూనాలను రాసి, తిరిగి చదివి, చదివే క్షణాన్ని పికోసెకన్ల మేర ముందుకూ వెనక్కూ జరుపుకుంటూ ఒక్కొక్క తీగనూ శ్రుతి చేసుకుంటుంది. దీనినే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఒక్క తీగకు శ్రుతి కుదరకపోయినా బయోస్ అక్కడే నిలిచిపోవచ్చు. కొత్త డీడీఆర్5 యంత్రాల్లో మొదటిసారి ఈ శ్రుతికి కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు కనుక, ఆ కాసేపు తెర నల్లగా ఉందని భయపడి కరెంటు తీసేయకండి.

యంత్రం మొరాయిస్తే క్యాబినెట్‌ను చేత్తో చరచడం మన ఇళ్ళలో అలవాటు, చరిస్తే లేచిన సందర్భాలూ ఉన్నాయి. ఆ దెబ్బకు ముళ్ళు కదిలి జిగురు లేని చోట పడడం వల్ల అది లేచి ఉండవచ్చు. తిరుగుతున్న హార్డ్ డిస్కుకు అదే దెబ్బ ప్రాణాంతకం కాబట్టి ఆ పని చేయకండి. దిష్టి తగిలిందని నిమ్మకాయ కట్టేవారితో నాకు పేచీ లేదు. ఆయుధపూజ నాడు పసుపూ కుంకుమా ఫ్యాను గాలి పీల్చుకునే జాలీకి దూరంగా పెట్టమని మాత్రం కోరుతాను. ఆ పొడి లోపలికి పోయి తేమను పట్టి ఉంచుతుంది.

మేము కరెంటు వైరు తీసి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి, ర్యామ్‌ను బయటికి తీశాము. భూతద్దం కింద ప్రతి పిన్ను మీదా స్లాటు స్ప్రింగు గీసిన సన్నని నిలువు గీత కనిపించింది. ఎడమ చివర నుంచి మూడో నాలుగో పిన్నుల దగ్గర, ఆ గీత పక్కనే, ఆవగింజలో పదో వంతు కూడా లేని ఆకుపచ్చని మచ్చ ఉంది. అతను వెంటనే జేబులోంచి రబ్బరు తీశాడు. దుకాణాల్లో అందరూ రబ్బరుతోనే రుద్దుతారు, రుద్దితే పనిచేస్తుంది కూడా. అయితే రబ్బరులోని గరుకు పదార్థం మచ్చతో పాటు ఆ పలచని బంగారాన్నీ గీకివేస్తుంది, మరుసటి వర్షాకాలానికి రంధ్రాలు ఇంకా పెరుగుతాయి. అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూగు లేని గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, రెండు మూడు సార్లు స్లాటులో పెట్టి తీశాము. పెట్టి తీయడమే సగం వైద్యం, ఎందుకంటే స్ప్రింగు ప్రతిసారీ పిన్నును ఒరుసుకుంటూ జిగురును పక్కకు నెట్టి కొత్త ముళ్ళను కలుపుతుంది. డిస్‌ప్లే వచ్చింది.

ఈ సంగతి నాకు 2014లో తెలిసి ఉంటే కొంత డబ్బు మిగిలేది. ఆ ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి, ఉప్పునీటి జల్లు గదిలో పడింది. రోజుల తరబడి కరెంటు లేక, వచ్చాక ఆన్ చేస్తే ఇదే నల్లని తెర. ఒక దుకాణంలో మదర్‌బోర్డు పోయిందన్నారు, నేను మార్పించాను, పాత ర్యామ్‌తోనే యంత్రం లేచింది. లేపింది కొత్త బోర్డా, లేక ర్యామ్‌ను తీసి మళ్ళీ పెట్టడమా అన్న ప్రశ్న నాకు చాలాకాలం తరువాత గానీ తట్టలేదు.

ప్రతి నల్లని తెరకూ ఇదే కారణం కాదు. ఉదయం నాలుగైదు సార్లు స్విచ్ నొక్కిన తరువాత లేచి, ఇక ఆ రోజంతా చక్కగా పనిచేసే యంత్రమైతే నేను ముందుగా ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానిస్తాను. దానిలో వోల్టేజీ ఒడిదుడుకులను సర్దే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు పాతబడితే వాటిలోని ద్రవం ఇంకిపోయి లోపలి నిరోధం పెరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు అది ఇంకా ఎక్కువ. వోల్టేజీలు నిలకడగా నిలవక యంత్రం లేవలేకపోతుంది. రెండు మూడు ప్రయత్నాల వేడికి కెపాసిటర్లు కాస్త తేరుకుంటాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకండి: మన 230 వోల్టుల సరఫరా దాని లోపల 325 వోల్టుల దాకా చేరి, వైరు తీసిన తరువాత కూడా కొంతసేపు అక్కడే ఉంటుంది.

వేసవి సెలవుల తరువాత జూన్‌లో బడి ల్యాబులు తెరిచినప్పుడు, అంతకుముందు బాగున్న యంత్రాలే కొన్ని డిస్‌ప్లే ఇవ్వకపోవడం ఉపాధ్యాయులకు తెలిసినదే. నడుస్తున్న యంత్రం లోపలి గాలి వేడిగా ఉండడం వల్ల తేమ లోహం మీద నిలవదు; ఆపి ఉంచిన యంత్రం గది గాలిలోని తేమనంతా భరిస్తుంది. అందుకే ఆ విద్యార్థి క్యాబినెట్‌ను సముద్రం వైపు కిటికీ కింద నుంచి తీయించి లోపలి గోడ పక్కన పెట్టించాను, సెలవుల్లో ఊరెళ్ళినా రెండు రోజులకొకసారి గంటసేపు ఆన్ చేసి ఉంచమని వాళ్ళ అమ్మగారికి చెప్పాను.