బూడిద గేటు దాటితే లెక్క తీరినట్టేనా?

నెలకు 200 యూనిట్లు వాడే ఇల్లు పూర్తిగా బొగ్గు కరెంటు మీదే నడిస్తే, ఆ ఇంటి వాటాగా నెలనెలా ఒక సిమెంటు బస్తా అంత బూడిద పుడుతుంది. లెక్క కష్టమేమీ కాదు. మన బొగ్గుతో ఒక యూనిట్ తీయాలంటే దాదాపు 700 గ్రాములు కాల్చాలి. అందులో 35 నుంచి 40 శాతం బూడిదే. 38 శాతం అనుకుంటే యూనిట్‌కు 266 గ్రాములు, 200 యూనిట్లకు 53 కిలోలు.

ఇదే లెక్క ఇబ్రహీంపట్నం దగ్గర వేద్దాం. అక్కడి థర్మల్ కేంద్రం పేరు నార్ల తాతారావు మీద మారి చాలాకాలమైనా బెజవాడ జనానికి అది ఇప్పటికీ వీటీపీఎస్సే, అంటే విజయవాడ థర్మల్ పవర్ స్టేషనే. 1979లో మొదటి 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలై అలాంటివి ఆరయ్యాయి. 2009లో 500 మెగావాట్లది, 2023లో 800 మెగావాట్లది వచ్చి చేరాయి. మొత్తం 2,560 మెగావాట్లు. వీటిలో ఒక్క 210 మెగావాట్ల యూనిట్ రోజంతా పూర్తి లోడు మీద నడిస్తే 50 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది, 3,500 టన్నుల బొగ్గు కాలుతుంది, 1,340 టన్నుల బూడిద మిగులుతుంది. ఇదంతా కృష్ణ ఒడ్డున, ప్రకాశం బ్యారేజీకి ఎగువన.

థర్మల్ కేంద్రాల వ్యర్థాల మీద ప్రభుత్వం ఇంకా కఠినంగా ఉండాలా అని అడిగితే, ఉండాలనే మా జవాబు. అయితే కొత్త నిబంధనలు రాసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. మన దేశంలో రాతకోతలకు లోటు లేదు, కొలవాల్సిన చోట కొలవకపోవడమే జబ్బు.

బూడిదలో 20 శాతం దాకా బాయిలర్ అడుగున బరక గడ్డలుగా పడుతుంది. అదే బాటమ్ యాష్. మిగతా 80 శాతం పొగతో పాటు పైకి లేచే ఫ్లై యాష్. దాన్ని పొగగొట్టానికి ముందే ఈఎస్పీలు (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్లు) పడతాయి. వేల వోల్టుల విద్యుత్తుతో ధూళికి విద్యుదావేశం ఎక్కించి ఇనుప పలకలకు అంటుకునేలా చేస్తాయి. సుత్తులు పలకలను కొడుతుంటే బూడిద రాలి కింది గరాటుల్లో పడుతుంది. అక్కణ్ణుంచి దానికి రెండు దారులు. గాలితో గొట్టాల్లో పొడిగా నెట్టి సైలోలో, అంటే పొడవాటి నిల్వ గాదెలో, నింపడం ఒకటి. టన్నుకు ఎనిమిది, పది టన్నుల నీళ్ళు కలిపి బురదగా బూడిద చెరువుకు పంపడం రెండోది. పొడిగా చేరింది సరుకు. తడిసింది చాలావరకు భారమే, ఎందుకంటే సిమెంటు కంపెనీకి కావాల్సింది పొడి ఫ్లై యాషే.

బూడిద వాడకంపై కేంద్రం తొలి నోటిఫికేషన్ 1999లో వచ్చింది. 1996-97లో దేశంలో పుట్టిన 6.9 కోట్ల టన్నుల బూడిదలో పనికొచ్చింది పది శాతం లోపే. 2021-22 నాటికి పుట్టింది 27 కోట్ల టన్నులు, వినియోగం 96 శాతం. నిబంధన పెడితే పని జరగదనే వాళ్ళకు ఈ రెండు అంకెలే జవాబు. 2021 డిసెంబరు 31న వచ్చిన నోటిఫికేషన్ ప్రతి కేంద్రమూ మూడేళ్ళ చక్రంలో నూటికి నూరు శాతం, ఏ ఏడాదైనా కనీసం 80 శాతం వాడి తీరాలంటుంది. వాడనిదానికి టన్నుకు 1,000 రూపాయలు కట్టాలి. చెరువుల్లో పేరుకున్న పాత బూడిదను పదేళ్ళలో ఖాళీ చేయాలి.

ఇంత బాగున్నాక ఇంకేం కావాలి? ఆ 96 శాతంలో ఏముందో విప్పి చూడాలి. సిమెంటులో కలిసిన బూడిద వినియోగమే, ఇటుకల్లో చేరిందీ వినియోగమే. పల్లపు భూమిలోనో పాత గని గోతిలోనో పోసిందీ వినియోగం ఖాతాలోకే వెళుతుంది. మొదటి రెండింటిలో బూడిద గట్టిపడి రాయిలా కట్టుబడిపోతుంది. మూడోదాంట్లో అడుగున పొర లేకుండా, నీళ్ళు తగిలేలా, ఎవరి పొలం పక్కనో ఉండిపోతుంది. చెరువులో ఉన్నంతకాలం కనీసం దానికొక యజమాని ఉన్నాడు. గేటు దాటాక అదీ ఉండదు.

సిమెంటు సంగతి తేలిగ్గా తేలుతుంది. పీపీసీ (పోర్ట్‌ల్యాండ్ పొజొలానా సిమెంటు) బస్తా మీద ఐఎస్ 1489 పార్ట్ 1 అని ఉంటే అందులో 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ ఉందని అర్థం. జగ్గయ్యపేట వైపు సిమెంటు కర్మాగారాలు ఉండటం మన ప్రాంతానికి కలిసొచ్చిన విషయం. ఇటుక దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కాల్చే పని లేకుండా బూడిద, సున్నం, జిప్సంతో ఇటుక చేసే ఫాల్-జీ పద్ధతిని రూపొందించింది విశాఖలోని ఇన్‌స్వారెబ్ సంస్థకు చెందిన ఎన్. భానుమతిదాస్, ఎన్. కాళిదాస్. ఇప్పుడు చాలా యూనిట్లు సున్నం బదులు సిమెంటు వేస్తున్నాయి. మామూలు పాళ్ళు ఇలా ఉంటాయి: బూడిద 55 నుంచి 60 శాతం, క్రషర్ డస్ట్ 25 నుంచి 30, సిమెంటు 10 దాకా, జిప్సం 5 లోపు. మూడు కిలోల ఇటుకలో 1.7 కిలోల బూడిద పడుతుంది. ఒక్క 210 మెగావాట్ల యూనిట్ ఒక రోజు ఫ్లై యాష్‌తో ఆరు లక్షల ఇటుకలు పోయొచ్చు.

బూడిద ఇటుక పగిలిపోతుందని, మేకు దిగదని గుంటూరు, మంగళగిరి మేస్త్రీలు తిడుతుంటే తప్పు ఎక్కడుందో మూడు చోట్ల వెతకాలి. ఈఎస్పీ బూడిద బదులు చెరువు బూడిద వాడి ఉంటారు. అది బరకగా ఉంటుంది, సున్నంతో సరిగా కట్టుకోదు. లేదా కాలని బొగ్గు ఎక్కువున్న బూడిద వచ్చి ఉంటుంది. ఐఎస్ 3812 ప్రకారం మంట మీద పోయే బరువు 5 శాతం దాటకూడదు. బూడిద మామూలుకన్నా నల్లగా ఉంటే అనుమానించాల్సిందే. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది మూడోది, నీళ్ళు సరిగా పెట్టకపోవడం. రెండు మూడు వారాలు తడపాల్సిన ఇటుకను ఆర్డరు తొందరలో నాలుగో రోజే లారీ ఎక్కిస్తారు. సున్నానికీ బూడిదకూ మధ్య చర్య నెమ్మదిగా సాగుతుంది, తడి ఆరిపోతే అక్కడే ఆగిపోతుంది. ఆ ఇటుక గోడలోకి వెళ్ళాక ఎండిపోయి సన్నని పగుళ్ళిస్తుంది.

ఇక సైలో. కనీసం 16 గంటల బూడిద పట్టేంత పొడి సైలోలు ప్రతి కేంద్రానికీ ఉండాలని 2021 నోటిఫికేషన్ చెబుతోంది. 210 మెగావాట్ల యూనిట్‌కు అది 715 టన్నులు, అంటే 25 టన్నుల బల్కర్లు (పొడి బూడిద మోసే మూత ట్యాంకర్లు) 29. ఇసుక దొరక్క ఇళ్ళ పనులు ఆగినా, సిమెంటు అమ్మకాలు తగ్గినా, లారీ వాళ్ళ మధ్య తగాదా వచ్చి రెండు రోజులు బండ్లు కదలకపోయినా సైలో నిండిపోతుంది. బాయిలర్‌ను ఆపరు కాబట్టి వాల్వు తిప్పి బూడిదను నీళ్ళలో కలిపి చెరువుకు తోలతారు. ఏడాది చివర శాతంలో ఆ రెండు రోజులు కనిపించవు. అందుకే మేం కోరే మొదటి కఠినత్వం ఇది: పొడిగా ఎంత వెళ్ళింది, బురదగా ఎంత వెళ్ళింది అన్నది ఏ రోజుకారోజు బయటపెట్టాలి. బయటికి వెళ్ళే ప్రతి లారీకీ దించిన చోటు దాకా జాడ ఉండాలి, దించుకున్నవాడి రసీదు ఉండాలి. బరువు బిళ్ళ గేటు దగ్గరే ఆగిపోతే లాభం లేదు.

ఎండు బూడిద తేలిక. వదులుగా పోస్తే ఘనమీటరు టన్ను కూడా ఉండదు. టిప్పర్ బాడీ అంచు దాటి నింపినా బరువు మించదు కాబట్టి డ్రైవరుకు భయం లేదు. పైన పట్టా సగమే కప్పి హైవే ఎక్కితే ఇబ్రహీంపట్నం నుంచి గొల్లపూడి దాకా దుకాణాల మీద అదే పడుతుంది. బల్కర్ కాని ఏ బండినీ పొడి బూడిదతో వదలకూడదు. తడి బూడిదైతే 15, 20 శాతం తేమ ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, గేటు దగ్గర మనిషి చాలు.

చెరువు కట్ట గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ, అసలు ప్రమాదం అక్కడుంది. మొదట మట్టితో ఒక కట్ట వేస్తారు. చెరువు నిండాక దానిపైన, లోపలివైపు జరిపి, మూడు నుంచి ఐదు మీటర్ల మరో కట్ట వేస్తారు. ఆ కొత్త కట్ట నిలబడేది పాత బూడిద మీదే. బూడిద వడకట్టుకుని గట్టిపడి ఉంటే ఫరవాలేదు. మిగులు నీళ్ళను లాగే డికాంటింగ్ బావి పూడిపోయి నీళ్ళు కట్టకు ఆనుకుని నిలిచాయంటే, కట్ట లోపల నీటిమట్టం లేచి, తడిసిన బూడిద ఒక్కసారిగా ద్రవంలా పారుతుంది. 2008 డిసెంబరు 22న అమెరికాలోని టెనెసీ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో జరిగింది ఇలాంటిదే. అడుగునున్న మెత్తని బురద పొర జారి 40 లక్షల ఘనమీటర్లకు పైగా బూడిద నదిలోకీ ఊరిమీదకీ వచ్చింది. 2020 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్ సింగ్రౌలీ జిల్లా సాసన్‌లో కట్ట తెగి ఆరుగురు చనిపోయారు. కట్ట పాదం దగ్గర ఊట నీరు తేటగా వస్తే వడపోత పనిచేస్తున్నట్టు. బూడిద రంగులో వచ్చిందంటే లోపల సొరంగం పడుతున్నట్టు, ఆ రోజే బురద పంపడం ఆపాలి. కట్ట లోపల నీటిమట్టం చూపే పీజోమీటర్లు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయి అనేది గ్రామ పంచాయతీకి తెలియాల్సిన విషయం. ఏటా జరగాల్సిన తనిఖీ నివేదిక ఫైలులో ఉంటే కింది ఊరికి ఏం ఉపయోగం?

నీళ్ళ దగ్గర అమెరికా నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది. కింగ్‌స్టన్ తర్వాత ఏడేళ్ళకు, 2015లో, వాళ్ళు తెచ్చిన నిబంధన ప్రకారం ప్రతి బూడిద చెరువుకూ నీటివాలుకు ఎగువన కనీసం ఒక బావి, దిగువన కనీసం మూడు బావులు తవ్వి పరీక్షించి, ఫలితాలను అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాలి. మొదటి దశలో చూసేవి బోరాన్, కాల్షియం, క్లోరైడ్, ఫ్లోరైడ్, సల్ఫేట్, పీహెచ్, మొత్తం కరిగిన లవణాలు. ఆర్సెనిక్, సెలీనియం లాంటివి రెండో దశలోనే. ఇందులో తెలివుంది. ఆర్సెనిక్ మట్టికి అంటుకుంటూ నెమ్మదిగా కదులుతుంది, బోరాన్ నీళ్ళతో పాటే పరుగెత్తుతుంది. బోరాన్ కనిపించినప్పుడే మేలుకుంటే ఆర్సెనిక్ రావడానికి ఏళ్ళు ముందే పని మొదలుపెట్టొచ్చు. మన దగ్గర ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు బూడిదను ‘పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ’ కోవలో వేసి పక్కన పెట్టాయి. టన్ను బూడిదలో ప్రభావం తక్కువే కావచ్చు. పాతికేళ్ళ బూడిద ఒకేచోట, అడుగున పొర లేకుండా కూర్చున్నప్పుడు ఆ మాట చెల్లదు.

పొగ గురించి క్లుప్తంగా. 2015 డిసెంబరు నిబంధనలు ధూళికి ఘనమీటరుకు 100, 50, 30 మిల్లీగ్రాములని థర్మల్ కేంద్రం వయసును బట్టి హద్దులు పెట్టాయి. ఆన్‌లైన్ మీటర్లూ ఉన్నాయి. రాత్రిపూట యూనిట్ లేపేటప్పుడు నల్లపొగ ఎందుకొస్తుందంటే, ముందు ఆయిల్‌తో మంట పెడతారు. కాలని ఆయిల్ పలకలకు అంటి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఈఎస్పీని అప్పుడు ఆపి ఉంచుతారు. కారణం నిజమైనదే, కానీ ఆ గంటలను సగటులోంచి తీసేస్తే ఊరి ఊపిరితిత్తుల్లోంచి పోవు. గంధకం సంగతి ఇంకా విచిత్రం. గడువు 2017 నుంచి జరిగి జరిగి, చివరకు 2025 జులైలో దేశంలోని ఎక్కువ కేంద్రాలకు గంధకం తీసే యంత్రాలు అక్కర్లేదన్నారు. మన బొగ్గులో గంధకం అర శాతమే అన్న వాదనలో నిజముంది. కానీ నగరానికి 10 కిలోమీటర్ల లోపుందా లేదా అని గీత గీయడంలో లేదు. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫేటు ధూళిగా మారి వందల కిలోమీటర్లు పోతుంది.

జరిమానా కూడా చూడండి. జన్ విశ్వాస్ చట్టం తర్వాత పర్యావరణ పరిరక్షణ చట్టంలో జైలు పోయి 10 వేల నుంచి 15 లక్షల దాకా అపరాధ రుసుము వచ్చింది, ఉల్లంఘన కొనసాగితే రోజుకు మరో 10 వేలు. యూనిట్ నాలుగు రూపాయల చొప్పున వేసినా ఒక 210 మెగావాట్ల యూనిట్‌కు 15 లక్షలంటే రెండు గంటల కరెంటు కూడా కాదు. ఆ డబ్బు కూడా రేపు మన బిల్లులోకే ఎక్కితే శిక్ష ఎవరికి? జరిమానాను టారిఫ్‌లో కలపనివ్వకుండా విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వులోనే రాయాలి.

ఈలోగా చెరువు దగ్గర్లో బోరున్న వాళ్ళు చేయగలిగింది ఉంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు మే నెలలో, వానలయ్యాక నవంబరులో నీళ్ళు పరీక్ష చేయించాలి. ఆరంగుళాల బోరులో 20 మీటర్ల నీళ్ళుంటే అది దాదాపు 365 లీటర్లు. అంతకు మూడింతలు, వెయ్యి లీటర్ల పైన తోడాకే నమూనా పట్టాలి, లేకపోతే గొట్టంలో నిలవున్న నీళ్ళే ల్యాబుకు వెళతాయి. లోహాల నమూనాను 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కన్నా కిందికి దించాలి. ఇది ల్యాబు వాళ్ళే చేస్తారు, చేశారో లేదో అడగండి. బోరాన్‌కు మాత్రం గాజు సీసా వద్దు. ల్యాబు గాజులోనే బోరాన్ ఉంటుంది, నీళ్ళలోకి దిగి లెక్క చెడగొడుతుంది. కడిగిన ప్లాస్టిక్ సీసాలో ఇచ్చి, బోరాన్‌తో పాటు సల్ఫేటు కూడా అడగండి. తాగునీటిలో బోరాన్ మామూలుగా లీటరుకు అర మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు దొరకనప్పుడే అంతకు మించి ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం. చెరువుకు ఎగువన ఉన్న బోరులో తక్కువుండి మీ బోరులో ఏటికేడు పెరుగుతుంటే, ఆ రెండు కాగితాలూ కలిపి కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇచ్చి, చెరువు చుట్టూ తవ్విన పరీక్ష బావుల ఫలితాలను సమాచార హక్కు కింద కోరండి.