చెవి దాచుకున్న కొలతలు

2008 జూన్ 29న లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాల్ వేదిక మీదికి అయిదుగురు వచ్చారు. గాయని జాకీ మెక్‌షీకి 64 ఏళ్ళు. గిటారు వాయించే బర్ట్ జాన్ష్‌కి 64, మరో గిటారిస్టు జాన్ రెన్‌బోర్న్‌కి 63. డబుల్ బేస్ పట్టుకున్న డానీ థాంప్సన్‌కి 69, డ్రమ్స్ దగ్గర కూర్చున్న టెరీ కాక్స్‌కి 71. సరిగ్గా నలభై ఏళ్ళ కిందట, 1968 జూన్ 29న, ఈ అయిదుగురే ఈ హాల్లోనే కచేరీ చేశారు. దాని రికార్డింగు వాళ్ళ రెండు డిస్కుల ఆల్బంలో ఒక డిస్కుగా వచ్చింది. జానపదాన్నీ జాజ్‌నీ కలిపి వాయించే ఈ బ్రిటిష్ బృందం పేరు పెంటాంగిల్. అయిదు కొనల నక్షత్రం అని అర్థం.

1967లో మొదలై 1973 జనవరికల్లా విడిపోయిన బృందం ఇది. 1980లలో మళ్ళీ కలిశారు కానీ ఆ కలయిక నిలవలేదు, పాతవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2007లో బి.బి.సి. రేడియో 2 ఫోక్ అవార్డుల సభలో జీవన సాఫల్య పురస్కారం అందుకుంటూ ఇరవై ఏళ్ళకు పైగా తర్వాత అయిదుగురూ కలిసి వాయించారు. మరుసటి ఏడాది జరిగిన కచేరీ పర్యటనకు అదే నాంది.

ఇన్నేళ్ళు పోయాక కూడా అభిమానులు ఎందుకొస్తారు అనే ప్రశ్నకు “పాత జ్ఞాపకాలు” అని ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. అబద్ధమేమీ కాదు, కానీ చాలదు. పాత జ్ఞాపకాలే కావాలంటే ఇంట్లో రికార్డు ఉంది. అభిమాని తనతో హాల్లోకి తెచ్చుకునేవి మనం అనుకునేదాని కన్నా చాలా కచ్చితమైన కొలతలు. పాట వేగం, శ్రుతి, తీగ నాదం, ఒక స్వరం తర్వాత ఏ స్వరం రావాలన్న అంచనా, అన్నీ తలలో కొలిచి పెట్టుకున్నట్టే ఉంటాయి. తిరిగి కలిసిన బృందం ఆ కొలతలకు ఎంత దగ్గరగా రావాలి, ఎక్కడ దూరం జరగొచ్చు అన్నదే అసలు సంగతి.

శ్రుతితో మొదలుపెడదాం. 1994లో సంగీత మనస్తత్వ పరిశోధకుడు డేనియల్ లెవిటిన్ ఒక తేలికైన ప్రయోగం చేశాడు. 46 మంది విద్యార్థులను తమకు బాగా తెలిసిన పాట ఎంచుకుని, వాద్యం సాయం లేకుండా పాడమన్నాడు. ఒక్కొక్కరు రెండు పాటలు. కనీసం ఒక పాటనైనా రికార్డులోని శ్రుతిలోనే అందుకున్నవాళ్ళు 40 శాతం. రెండింటినీ అందుకున్నవాళ్ళు 12 శాతం. ఆ పాటల వేగాన్ని తర్వాత పెర్రీ కుక్‌తో కలిసి లెక్కకడితే, 72 శాతం సందర్భాల్లో అసలు వేగానికి 8 శాతం లోపలే ఉన్నారు. నిమిషానికి 120 దెబ్బల పాట అనుకుంటే 110కీ 130కీ మధ్య అన్నమాట. చేతిలో తాళం వేగం చూపే మెట్రోనోమ్ లేదు, చెవిలో తంబూరా లేదు!

నాదగుణం, అంటే ధ్వనికి ఉండే ప్రత్యేకమైన రంగు, దాని జ్ఞాపకం ఇంకా వింతైనది. గ్లెన్ షెలెన్‌బర్గ్, సహచరులు 1999లో ప్రచురించిన పరిశోధనలో శ్రోతలకు ప్రసిద్ధ పాటల నుంచి సెకనులో పదో వంతు ముక్క మాత్రమే వినిపించారు. అంత చిన్న ముక్కలో రాగం వినిపించదు, మాట పూర్తి కాదు. అయినా పేర్ల జాబితా ముందు పెడితే చాలామంది పాటను సరిగ్గా జతచేయగలిగారు. అదే ముక్కలోంచి 1,000 హెర్ట్జ్ పైనున్న ధ్వనులు తీసేస్తే గుర్తుపట్టడం బాగా దెబ్బతింది. పాట ముఖకవళికలు పై పౌనఃపున్యాల్లో ఉంటాయన్నమాట. ఈ సంగతి కాసేపు గుర్తుంచుకోండి, వేదిక మీది వైర్ల దగ్గరికి వెళ్ళినప్పుడు అవసరపడుతుంది.

ఈ కొలతలు ఏ వయసులో గట్టిగా ముద్రపడతాయో కూడా తెలుసు. 2020లో కెల్లీ యాకుబోవ్‌స్కీ బృందం 18 నుంచి 82 ఏళ్ళ వయసున్న 470 మందిని పాత పాటల గురించి అడిగింది. సొంత జీవితపు జ్ఞాపకాలను ఎక్కువగా లేపే పాటలు ఎవరికైనా 14 ఏళ్ళ ప్రాయానికి అటూ ఇటూ వచ్చినవే. పెంటాంగిల్ లెక్క చూడండి. వాళ్ళ మూడో ఆల్బం 1969లో వచ్చి బ్రిటన్ పట్టికలో అయిదో స్థానం దాకా ఎక్కింది. అందులో మొదటి పాట ‘లైట్ ఫ్లైట్’ బి.బి.సి. తొలి కలర్ డ్రామా ధారావాహికకు శీర్షిక గీతం. జానపదంతో గాని జాజ్‌తో గాని సంబంధం లేని ఇళ్ళలోకి కూడా టీవీ దాన్ని మోసుకెళ్ళింది. అప్పుడు 14 ఏళ్ళున్న పిల్లకు 2008లో 53 ఏళ్ళు.

మరి హాల్లో కనిపించే ఇరవై ఏళ్ళ వాళ్ళ మాటేమిటి? 2013లో క్యారల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్‌లు సగటున 20 ఏళ్ళ యువతను పరీక్షించి, తల్లిదండ్రుల యౌవనకాలపు పాటలు కూడా వాళ్ళలో జ్ఞాపకాలనూ ఇష్టాన్నీ లేపుతున్నాయని చూపించారు. ఇంట్లో మోగిన రికార్డు వారసత్వంగా దిగుతుంది. ఇందులో వింతేమీ లేదు.

ఆ ‘లైట్ ఫ్లైట్’ తాళం మాత్రం చెప్పుకోదగ్గది. అయిదు, ఏడు, ఆరు లెక్కలు ఒకదాని తర్వాత ఒకటి దొర్లుతాయి. “తక తకిట” అని అయిదూ, “తకిట తకధిమి” అని ఏడూ చేత్తో వేస్తూ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకి చూడండి, ఇబ్బంది ఎక్కడుందో చేతికే తెలుస్తుంది. నాలుగు లెక్కకు అలవాటైన చెవి ప్రతి ఆవృతంలోనూ కాలు జారబోయి నిలదొక్కుకుంటుంది. పైన మెక్‌షీ గొంతు మాత్రం నీళ్ళ మీద ఆకులా తేలిపోతూ ఉంటుంది.

ఈ జారడంలోనే ఆనందం ఉంది, దానికి మెదడులో ఆధారం ఉంది. 2011లో వాలొరీ సాలింపూర్, రాబర్ట్ జటోరే బృందం సంగీతానికి ఒళ్ళు గగుర్పొడిచే వాళ్ళను ఎంచుకుని మెదడు స్కాన్లు తీసింది. ఇష్టమైన ఘట్టం వచ్చే ముందు, ఎదురుచూపులో, కాడేట్ అనే భాగంలో ఆనందానికి సంబంధించిన డోపమిన్ అనే రసాయనం విడుదలైంది. ఘట్టం వచ్చాక అక్యుంబెన్స్ అనే మరో భాగంలో. 2019లో విన్సెంట్ చ్యుంగ్ బృందం బిల్‌బోర్డ్ పట్టికలోని 745 పాటల స్వరసముదాయాలను గణించి ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. తర్వాత వచ్చేది తెలుసని గట్టిగా అనుకున్నచోట వేరేది రావడం, లేదా ఏమొస్తుందో తోచనిచోట సహజమైనదే రావడం, ఈ రెండు చోట్లా ఆనందం ఎక్కువ.

జానపద జాజ్ ఈ సూత్రం మీదే నడుస్తుందని మా అభిప్రాయం. బ్రిటిష్ పల్లెపదం వందల ఏళ్ళుగా నలిగిన బాణీ. రెండో చరణానికల్లా ఎవరికైనా దారి తెలిసిపోతుంది, అంచనా గట్టిపడుతుంది. అప్పుడు థాంప్సన్ బేస్ ఆ దారికి అడ్డంగా నడుస్తుంది. థాంప్సన్, కాక్స్ ఇద్దరూ బ్రిటిష్ బ్లూస్ సంగీతకారుడు అలెక్సిస్ కోర్నర్ బృందంలో బ్లూస్, జాజ్ వాయించి వచ్చినవాళ్ళు. రెండు గిటార్లు ఒకే పాటను ఒకేలా రెండుసార్లు వాయించవు. రాక్ బృందం తిరిగి కలిస్తే జనం రికార్డులో ఉన్న సోలోనే అడుగుతారు, స్వరం తప్పితే ముఖం మాడ్చుకుంటారు. పెంటాంగిల్‌కి ఆ బెడద తక్కువ. బాణీ, వేగం, నాదం నిలబెట్టుకుంటే చాలు, మిగతాదంతా మారడమే వాళ్ళ పద్ధతి. 71 ఏళ్ళ డ్రమ్మరు 31 ఏళ్ళనాటి దెబ్బనే కొట్టనక్కర్లేదు.

కానీ ఆ మూడూ నిలబెట్టుకోవడం వయసుతో సులువైన పని కాదు.

గొంతు చూద్దాం. సాధారణంగా స్త్రీల గొంతు వయసు పైబడేకొద్దీ కిందికి దిగుతుంది. ఏ గాయనికైనా పాత పాటను ఒక స్వరం, అంటే గిటారు మెడ మీద రెండు మెట్లు, దించాల్సి రావచ్చు. గిటారు మెడకు బిగించి శ్రుతి పెంచే కాపోను రెండో మెట్టు నుంచి తీసేస్తే సరిపోతుంది అనిపిస్తుంది. కాపో లేకుండా వాయించే పాటైతే ఆ దారి ఉండదు, తీగలనే వదులు చేయాలి. రెండు మెట్లు దించితే తీగ బిగువు సుమారు 20 శాతం తగ్గుతుంది. ఎందుకంటే బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది. వదులైన తీగ మెట్లకు తగిలి గరగరమంటుంది. బలంగా మీటితే ముందు శ్రుతి పైకి లేచి తర్వాత దిగుతుంది. పాత బిగువు తిరిగి రావాలంటే తీగ 12 శాతం లావుండాలి, 12 నంబరు తీగ స్థానంలో 13 లేదా 13.5 వేసుకోవాలి. లావు తీగ నాదం వేరు, సాగదీసి మీటే వేళ్ళకు శ్రమా ఎక్కువే. గొంతుకు రెండు మెట్లు సాయం చేయబోతే గిటారు ముఖం మారిపోతుందన్నమాట.

వేగం సంగతి అందరూ తలకిందులుగా అనుకుంటారు. పెద్దవాళ్ళు కదా, నెమ్మదిగా వాయిస్తే హాయి అని. వేళ్ళకు హాయే. ఒక్క ఊపిరిలో ఎనిమిది సెకన్లు పాడే వరుసను 8 శాతం నెమ్మదిస్తే అది 8.7 సెకన్లవుతుంది. ఊపిరితిత్తుల సామర్థ్యం వయసుతో తగ్గిన గాయనికి ఆ ముప్పావు సెకను కొండంత. వరుస మధ్యలో శ్వాస తీసుకుంటే మాట విరుగుతుంది, అభిమాని చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. వేళ్ళకూ ఊపిరికీ సరిపడే వేగం సందు చాలా ఇరుకు. ప్రతి పాటకూ అది వేరు.

ఇక నాదం. మామూలు చెక్క గిటారును పెద్ద హాల్లో వినిపించాలంటే మైకు గాని, తీగలు ఆనుకునే వంతెన కింద అమర్చి కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పియెజో పికప్ గాని కావాలి. పియెజోను 1 మెగాఓమ్‌కు తగ్గని నిరోధమున్న ఇన్‌పుట్‌కే కలపాలి. మామూలు మైకు ఇన్‌పుట్‌కు గుచ్చితే మంద్ర స్వరాలన్నీ ఎగిరిపోయి రేకు డబ్బా మోగినట్టుంటుంది. మధ్యలో ఒక ప్రీ-ఆంప్ పెడితే ఆ గొడవ లేదు. మైకుకు ఇంకో కష్టం. గిటారు పెట్టెలోని గాలి 100 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను ఊగుతుంది. ఆరో తీగ మూడో మెట్టు మీది స్వరం 98 హెర్ట్జ్. ఆ స్వరం మీటగానే వేదిక మీది స్పీకరు శబ్దం మళ్ళీ పెట్టెలో దూరి, మైకులోకి వెళ్ళి, తిరిగి స్పీకరులోకి వచ్చి హోరు మొదలవుతుంది. స్పీకరును గిటారు ఎదుట నుంచి పక్కకు జరపడం మొదటి మందు. గిటారు రంధ్రానికి రబ్బరు మూత పెట్టడం రెండోది. అప్పటికీ ఆగకపోతే 100 హెర్ట్జ్ దగ్గర సన్నటి కోత, 6 నుంచి 9 డెసిబెల్స్. ఆ కోత వెడల్పయితే హోరుతో పాటు గిటారు కడుపులోని వెచ్చదనం కూడా పోతుంది.

పై పౌనఃపున్యాల దగ్గర చిక్కు మరోలా ఉంటుంది. అరవై దాటిన శ్రోతల చెవులు ముందు కోల్పోయేది అక్కడే. పాట ముఖకవళికలు ఉన్నదీ ఆ పక్కనే అని చెప్పుకున్నాం. సౌండ్ ఇంజినీరు జాలిపడి 4,000 నుంచి 6,000 హెర్ట్జ్ వరకు పెంచితే పియెజో బాతు అరుపులు అరుస్తుంది, గాయని ‘స’కారాలు సూదుల్లా గుచ్చుకుంటాయి. అంతకన్నా కచేరీకి ఒక రోజు ముందు కొత్త తీగలు వేసి, శ్రుతి నిలిచేలా లాగి పెట్టడం మేలు. చెమటా మురికీ పట్టిన తీగ పై స్వరాలను మింగేస్తుంది, ఏ మీట తిప్పినా వాటిని వెనక్కి తేలేం.

హాలు కూడా ఒక వాద్యమే. 1951లో కట్టిన రాయల్ ఫెస్టివల్ హాల్ మొదటినుంచీ శబ్దానికి పొడి హాలని, అంటే శబ్దం గోడలకు తగిలి కాసేపు నిలిచే ప్రతినాదం తక్కువని పేరు. 1960లలో దాని పైకప్పులో 172 మైకులు, ఒక్కో సన్నని పౌనఃపున్యానికి ఒక్కోటి చొప్పున, అమర్చి స్పీకర్లతో ప్రతినాదాన్ని కృత్రిమంగా పొడిగించారు. 2005 నుంచి 2007 వరకు హాలు మూసి ధ్వని ఏర్పాట్లతో సహా బాగుచేశారు. కాబట్టి 2008లో అభిమానులు కూర్చున్నది అదే చిరునామాలో, వేరే గదిలో. ఆర్కెస్ట్రాకు పొడవైన ప్రతినాదం వరం, దెబ్బకో స్వరం చొప్పున నడిచే బేస్‌కు శాపం. నిమిషానికి 160 దెబ్బల దగ్గర ఒక్కో బేస్ స్వరానికి 375 మిల్లీసెకన్లు. ప్రతినాదం 2 సెకన్లుంటే, అంటే శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి అంతసేపు పడితే, కొత్త స్వరం వచ్చేసరికి పాత స్వరం 11 డెసిబెల్స్ మాత్రమే తగ్గి ఇంకా గదిలో తిరుగుతుంటుంది. ఒకటిన్నర సెకన్లయితే 15 తగ్గుతుంది, నడక స్పష్టంగా వినిపిస్తుంది. పొడి హాలంటే సింఫనీ శ్రోతలు విసుక్కుంటారు. డబుల్ బేస్ అభిమానులకు ఆ ఫిర్యాదు ఎప్పుడూ లేదు.

ఇంట్లో రికార్డు ఉండగా కచేరీకి ఎందుకు వెళ్ళాలో కూడా కొలిచి చూశారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో డానా స్వార్‌బ్రిక్, సహచరులు శ్రోతల తలలకు కదలిక పట్టే గుర్తులు కట్టారు. ఒక గుంపు ఎదుట గాయకుడు స్వయంగా పాడాడు, ఇంకో గుంపుకు అవే పాటల రికార్డు వినిపించారు. కళాకారుడు ఎదురుగా ఉన్నప్పుడు తలలు మరింత వేగంగా ఊగాయి. ఆ గాయకుడి అభిమానుల తలలు తాళానికి మరింత దగ్గరగా ఊగాయి.

మీ చెవిలో ఏం దాగుందో తెలుసుకోవాలంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. యౌవనంలో అరగదీసిన పాట ఒకటి ఎంచుకోండి, ఎప్పుడూ ఒకే రికార్డింగులో విన్నదై ఉండాలి. ఒక రోజంతా దాన్నీ, వేరే సంగీతాన్నీ వినకండి. మర్నాడు నడక, వ్యాయామం, కాఫీ వీటికి ముందే కూర్చుని పాటను మనసులో నడిపిస్తూ ఫోన్లోని మెట్రోనోమ్ మీద ఇరవై దెబ్బలు తట్టి, అది చూపే అంకె రాసుకోండి. తర్వాత రికార్డు పెట్టి మళ్ళీ తట్టండి. రెండు అంకెల తేడాను రికార్డు అంకెతో భాగించి వందతో గుణిస్తే శాతం వస్తుంది. మీ మొదటి అంకె రికార్డు అంకెకు సరిగ్గా సగమో రెట్టింపో వస్తే జ్ఞాపకం తప్పలేదు, మీరు ఒక దెబ్బను రెండుగానో రెండింటిని ఒకటిగానో లెక్కేశారంతే. ‘లైట్ ఫ్లైట్’ లాంటి పాటతో మొదలుపెట్టకండి. అయిదు లెక్కలో ఏది దెబ్బ, ఏది అర దెబ్బ అని తేల్చుకునేసరికే ఇరవై అయిపోతాయి.

2011లో అయిదుగురూ గ్లాస్టన్‌బరీ ఉత్సవంలో వాయించారు, ఆగస్టు 1న మళ్ళీ రాయల్ ఫెస్టివల్ హాల్‌కి వచ్చారు. ఆ ఏడాది అక్టోబరు 5న జాన్ష్ కన్నుమూశాడు. రెన్‌బోర్న్ 2015లో వెళ్ళిపోయాడు. అయిదు కొనలూ ఉన్న పెంటాంగిల్‌కి ఆ ఆగస్టు రాత్రే చివరిది. 1968లో వాళ్ళ కచేరీ రికార్డు చేసిన గోడల మధ్యే అది జరిగింది.