సినిమా ఆర్.ఆర్.కి అనలాగ్ సింథ్ సౌండ్లు: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే షార్ట్ ఫిల్ములకు, చిన్న సినిమాలకు ఆర్.ఆర్. (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) చేస్తున్న కుర్రాళ్ల కోసం ఇది. చేతిలో ఉన్న సింథ్‌తోనే (స్వరాలను ఎలక్ట్రానిక్‌గా పుట్టించే సింథసైజర్) పని జరుగుతుంది, దాన్ని ఎలా కదిలించాలో తెలిస్తే చాలు.

అపోహ: ఖరీదైన ప్లగిన్ (ల్యాప్‌టాప్‌లో నడిచే సింథ్ సాఫ్ట్‌వేర్) కొంటే తప్ప పాత అనలాగ్ సింథ్‌ల వార్మ్ సౌండ్ రాదు.

1970లో వచ్చిన మినీమూగ్ అనే అనలాగ్ సింథ్‌లో అసలు సరుకు మూడు ఆసిలేటర్లు (స్వరం పుట్టించే భాగాలు), ఒక లాడర్ ఫిల్టర్ (ధ్వనిలో పై భాగాన్ని కోసేది). ఉచితంగా దొరికే సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లో ఈ రెండూ ఉన్నాయి. తేడా వేరే చోట ఉంది. పాత యంత్రాల్లో వేడికి ఆసిలేటర్ల శ్రుతి కొద్దికొద్దిగా జారేది. కీ నొక్కిన క్షణానికి వేవ్ ఏ దశలో ఉంటుందో ఎవరి చేతిలోనూ ఉండేది కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఈ జారుడు మనం పెడితేనే ఉంటుంది, లేకపోతే ప్రతి నోటూ అచ్చు గుద్దినట్టు పడుతుంది.

ప్యాడ్‌కు (వెనక నిలిచి ఉండే మెత్తని కార్డుల సౌండ్) రీట్రిగర్ (ప్రతి నోటుకూ వేవ్‌ను మొదటి నుంచి మొదలుపెట్టే సెట్టింగ్) తీసేయండి, ఆసిలేటర్ డ్రిఫ్ట్ (పైన చెప్పిన శ్రుతి జారుడు) కొంచెం ఎత్తండి. డ్రిఫ్ట్ లేని సింథ్ అయితే ర్యాండమ్ ఎల్‌ఎఫ్‌ఓను (సెట్టింగును మెల్లగా, క్రమం లేకుండా కదిలించేది) 0.1 హెర్ట్జ్ దగ్గర పెట్టి పిచ్‌కు 2, 3 సెంట్లు (సెంటు అంటే పక్కపక్క కీల మధ్య దూరంలో నూరో వంతు) మాత్రమే ఇవ్వండి. అది ఒక్కో నోటుకు విడిగా నడిచే వాయిస్ ఎల్‌ఎఫ్‌ఓ అయి ఉండాలి. అన్ని నోట్లకూ ఒకటే అయిన సీన్ ఎల్‌ఎఫ్‌ఓ పెడితే కార్డ్ మొత్తం ఒక్కసారే ఊగి, అరిగిపోయిన క్యాసెట్‌లా వినిపిస్తుంది. బేస్‌కు మాత్రం రీట్రిగర్ ఉంచండి. లేకపోతే రెండు ఆసిలేటర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నప్పుడల్లా ఆ దెబ్బ బలహీనంగా పడుతుంది.

అపోహ: డీట్యూన్ (ఆసిలేటర్ల శ్రుతుల మధ్య తేడా) ఎంత పెంచితే అంత నిండుగా ఉంటుంది.

లెక్క చూడండి. 110 హెర్ట్జ్ నోట్ మీద రెండు ఆసిలేటర్ల మధ్య 7 సెంట్ల తేడా ఉంటే, రెండు సెకన్లకు కొంచెం పైగా ఒకసారి చొప్పున మెల్లగా ఊగుతుంది. అదే 7 సెంట్లు 880 హెర్ట్జ్ మీద సెకనుకు మూడున్నర సార్లకు పైగా కొట్టుకుంటాయి. కింద హాయిగా ఉన్న ప్యాడ్ పైకి వెళ్లేసరికి వణికేది ఇందుకే. సర్జ్‌లో యూనిసన్ డీట్యూన్ (ఒకే నోటును కలిసి పలికే గొంతుల మధ్య తేడా) మీద రైట్ క్లిక్ చేసి అబ్సల్యూట్ ఎంచుకుంటే తేడా హెర్ట్జ్‌లో స్థిరంగా ఉండి, ఊపు అన్ని నోట్లకూ ఒకేలా ఉంటుంది.

అపోహ: టేప్ హిస్ (పాత టేపుల బుస శబ్దం) కలిపితే అనలాగ్ అయిపోతుంది.

కాదు. హిస్ డైలాగ్ కింద చేరి మిక్సింగ్ ఇంజనీర్‌కు పని పెంచుతుంది, అంతే.

అపోహ: ప్యాడ్ ఎంత పెద్దగా ఉంటే సీన్ అంత లేస్తుంది.

మాట స్పష్టంగా వినబడాలంటే హల్లులు తేలాలి. వాటికి ముఖ్యమైన చోటు దాదాపు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. నటుడు మాట్లాడుతున్నంతసేపూ ఫిల్టర్ కటాఫ్ (దానికి పైనున్న ధ్వనిని కోసే హద్దు) 700-900 హెర్ట్జ్ దగ్గరే ఆపండి, రెజొనెన్స్ (ఆ హద్దు దగ్గర ధ్వనిని ఎత్తి చూపేది) తగ్గించండి. డైలాగ్ అయ్యాక 3, 4 సెకన్లలో ఆటోమేషన్‌తో (సెట్టింగ్ దానంతటదే మారేలా ముందే గీసిపెట్టడం) కటాఫ్‌ను 2 కిలోహెర్ట్జ్ వరకు తెరవండి. వాల్యూమ్ ముట్టుకోకుండానే సీన్ లేస్తుంది. మాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే.

120 హెర్ట్జ్ కింద అంతా మోనోలో (ఎడమ, కుడి కలిపి ఒకే చానల్) ఉంచండి. మొత్తం మిక్స్‌ను కూడా ఒకసారి మోనోలో వినండి. బాగా వెడల్పు చేసిన ప్యాడ్ ఒకే స్పీకరున్న ఫోన్‌లో సగం మాయమవుతుంది. షార్ట్ ఫిల్ములు ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే కదా.

అపోహ: ప్రీసెట్ సేవ్ చేస్తే సౌండ్ భద్రం.

డ్రిఫ్ట్, ర్యాండమ్ ఉన్న ప్రీసెట్ ప్రతి రెండర్‌కూ కాస్త మారుతుంది. డైరెక్టర్ ఓకే అన్న టేకును అప్పుడే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఆడియోగా బౌన్స్ చేసి పెట్టుకోండి. ఎండాకాలం కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ల్యాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసర్ నెమ్మదిస్తుంది, సౌండ్ తెగితెగి వస్తుంది. అప్పుడూ ఆ బౌన్సే ఆదుకుంటుంది.

అపోహ: మన వాద్యాల పక్కన సింథ్ ఇమడదు.

ఇమడనిది సింథ్ కాదు, దాని శ్రుతి. 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో వయొలిన్ వాయించేవాళ్లకు కొదవ లేదు. వాళ్లు 440 హెర్ట్జ్ పాశ్చాత్య ప్రమాణానికి కట్టుబడి ఉండరు. ముందు సా ఒక్కటి నిలిపి రికార్డ్ చేయండి. ట్యూనర్ 25 సెంట్లు తక్కువ చూపిస్తే సింథ్ మాస్టర్ ట్యూనింగ్ కూడా అంతే దించండి. ప్యాడ్‌లో సా, పా మాత్రమే పెట్టండి. సింథ్ పా సహజమైన పంచమం కంటే 2 సెంట్లే తక్కువ, చెవికి తెలియదు. గాంధారం అలా కాదు. సింథ్‌లో అది 400 సెంట్లు, 5:4 నిష్పత్తిలో పలికే అంతర గాంధారం 386. వయొలిన్ ఆ స్వరం మీద నిలిచినప్పుడల్లా రెండూ గీరుకుంటాయి. జముకు (ఉత్తరాంధ్ర జానపద తంతి వాద్యం) అయితే తంతి బిగించి వదిలేకొద్దీ శ్రుతి జారుతూనే ఉంటుంది కాబట్టి, దాని కింద ఒక్క సా డ్రోన్ (ఆగకుండా నిలిచే స్వరం) చాలు, కటాఫ్ 400 హెర్ట్జ్ దాటనివ్వకండి.