1871కి ముందు కురిసిన వానల లెక్క

మన దేశం మొత్తానికి నమ్మదగ్గ వర్షపాతం లెక్కలు 1871 నుంచే ఉన్నాయి. వాతావరణ శాఖ పుట్టింది 1875లో. మరుసటి ఏడాదే రాయలసీమను ధాత కరువు పట్టుకుంది. అంతకుముందు ఏళ్లకేళ్లు వానల్లేక ఊళ్లు ఖాళీ అయ్యాయని పాత రాతలు చెబుతాయి. 1396లో మొదలైన దుర్గాదేవి కరువు దక్కనును పన్నెండేళ్లు పీడించిందంటారు. 1871 తర్వాత అంత పొడుగు కరువులు అరుదు. మరి పాతవాళ్లు ఎక్కువ చేసి రాశారా, లేక మన లెక్కల వయసే చాలదా? జవాబు సున్నపురాయి గుహల్లో దొరికింది.

వాన నీరు మట్టిలోంచి దిగుతూ అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. కాస్త ఆమ్లగుణం వచ్చిన ఆ నీరు సున్నపురాయిని కరిగించుకుని గుహ కప్పు నుంచి బొట్టుబొట్టుగా రాలుతుంది. లోపలి గాలి తగలగానే ఆ వాయువు ఎగిరిపోతుంది, సున్నం నేల మీద పలచటి పొరగా మిగులుతుంది. వేల ఏళ్లు ఇలా పేరుకుని పైకి లేచేదే స్టాలగ్మైట్. దాన్ని నిలువునా కోస్తే చెట్టు మానులోని వలయాల్లా పొరలు కనిపిస్తాయి. సన్నటి డ్రిల్లుతో ఒక్కో పొర నుంచి చిటికెడు పొడి తీసి, అందులో ఆక్సిజన్-18 అనే బరువైన రకం ఆక్సిజన్ ఎంత ఉందో చూస్తారు. రుతుపవనాలు బలంగా ఉన్న కాలపు పొరలో అది తక్కువగా, నీరసించిన కాలపు పొరలో ఎక్కువగా ఉంటుంది.

ఏ పొర ఏ కాలానిదో తేల్చడమే చాలాకాలం చిక్కుముడిగా ఉండిపోయింది. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి కొత్త పొరలో యురేనియం ఒక్కటే చేరుతుంది. అది క్షీణించేకొద్దీ థోరియం పోగవుతుంది. ఆ రెండింటి నిష్పత్తే పొర వయసు చెబుతుంది. పాత పద్ధతిలో దీనికి పెద్ద ముక్కే కావాలి, అయినా వయసు లెక్కలో తేడాలు ఎక్కువగా వచ్చేవి. 1980ల చివర్లో శాస్త్రవేత్త లారెన్స్ ఎడ్వర్డ్స్ బృందం, బరువును బట్టి పరమాణువులను వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో వాటిని నేరుగా లెక్కించడం మొదలుపెట్టాక దశ తిరిగింది. 2001లో చైనాలోని హులు గుహ ఫలితాలు రావడంతో ప్రపంచమంతా గుహల బాట పట్టింది.

మన దగ్గర అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి చెందిన యాదవ, రమేష్ 2004లో కర్ణాటకలోని అకలగవి గుహ నుంచి 331 ఏళ్ల వానల చరిత్ర చదివారు. 2014లో కర్నూలు ప్రాంతపు వాల్మీకి గుహ దాదాపు 15 వేల ఏళ్ల కిందటి రుతుపవనాల సంగతి చెప్పింది. మనకు మరీ ముఖ్యమైనది బస్తర్‌లోని దండక్ గుహ. అది గోదావరి పరీవాహక ప్రాంతంలోదే. క్రీ.శ. 600 నుంచి 1500 దాకా రికార్డున్న ఆ రాయిలో 14వ శతాబ్దం, 15వ శతాబ్దపు తొలినాళ్లు బలహీన రుతుపవనాల కాలంగా కనిపించాయి. సరిగ్గా దుర్గాదేవి కరువు కాలం!

మేఘాలయలోని మామ్‌లూ గుహ ఇంకా గట్టిగా చెప్పింది. 4,200 ఏళ్ల కిందట మొదలైన భూవైజ్ఞానిక యుగానికి 2018లో మేఘాలయన్ అని పేరు పెట్టింది ఈ గుహ రాయి ఆధారంగానే. ఇదే గుహపై 2022లో వచ్చిన అధ్యయనం గత వెయ్యేళ్లలో ఏళ్ల తరబడి సాగిన కరువులు మళ్లీ మళ్లీ వచ్చాయని, చరిత్రలో రాసిన కరువులతో అవి సరిపోతున్నాయని తేల్చింది. పాతవాళ్లు ఎక్కువ చేసి రాయలేదన్నమాట.

అయితే ఈ రాళ్లు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో చెప్పలేవు. మేఘం ఏ సముద్రం నుంచి ఎంత దూరం వచ్చిందన్నదాన్ని బట్టి కూడా ఆక్సిజన్ లెక్క మారుతుంది. రుతుపవనాలు ఎప్పుడు నీరసించాయి, ఎంతకాలం అలాగే ఉండిపోయాయి అన్నవరకే వీటి సాక్ష్యం. నా దృష్టిలో నీటి ప్రణాళికకు అది చిన్న సంగతేమీ కాదు. కృష్ణా జలాల పంపకానికి బచావత్ ట్రైబ్యునల్ ఆధారం 78 ఏళ్ల ప్రవాహాలు. బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ తీసుకున్నది 1961-62 నుంచి 47 ఏళ్లే. పదేళ్లపాటు రుతుపవనాలు నీరసిస్తే శ్రీశైలం, సాగర్ కింద ఎవరికి ఎంత నీరు అన్న లెక్క ఇంత చిన్న రికార్డులో దొరకదు. ఆ లెక్క వేరుగా కట్టి, రైతుల ముందు పెట్టాలి.