ముందే తెలిసుంటే గెలిచేవాడా? బాక్సింగ్‌లో అపోహలు, వాస్తవాలు

మా శ్రీకాకుళంలో పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చే పిల్లలు నన్ను పెద్దగా ఏమీ అడగరు. ప్రశ్నలన్నీ వాళ్లని బండి మీద దింపడానికి వచ్చే తండ్రులవే. పోయిన వారం ఒకాయన ఫోన్ పట్టుకుని రింగు దగ్గరికి వచ్చాడు. వాళ్లబ్బాయి బౌట్‌కి ఇంకా ఎనిమిది రోజులుంది.

"మాస్టారూ, ఎదుటోడి వీడియోలు మూడు సంపాదించాను. రెండు వేలు పెట్టాను. ఆడు ఏ సెయ్యి ఎప్పుడు ఇసురుతాడో అంతా ఇందులో ఉంది. ఇంక మా గుంటడు ఓడిపోడానికి ఏటుంది?" అన్నాడు.

ఆ గుంటడు పక్కనే కళ్లు నులుముకుంటూ నిలబడ్డాడు. రాత్రి ఒంటిగంట దాకా ఆ మూడు వీడియోలే తిప్పి తిప్పి చూశాడట.

ఈ మాట నాకు కొత్త కాదు. టీ కొట్టు దగ్గర కూచుంటే చాలు, అలీ చేతిలో ఓడిన ఫోర్‌మన్‌కి ఆ ఎత్తుగడ ముందే తెలిసుంటేనా అని ఒకడు, డగ్లస్ చేతిలో ఓడిన టైసన్‌కి ఆ డగ్లస్ సంగతి ఎవరైనా చెప్పుంటేనా అని ఇంకొకడు. కబుర్లకి బాగానే ఉంటుంది, టీ కొట్టు దగ్గర ఎవరికీ ముక్కు పగలదు కదా. అదే మాట నమ్మి రింగులోకి దిగిన పిల్లాడికి మాత్రం పగులుతుంది. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను. మిగతా అపోహల్ని చివర్లో రెండేసి ముక్కల్లో తేల్చేస్తాను.

అపోహ: ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే తెలిస్తే ఓడే బౌట్ గెలిచేయొచ్చు

ఆ తండ్రినే రింగులోకి రమ్మన్నాను. చెప్పులు విప్పి, మొహమాటపడుతూ తాళ్ల మధ్య నుంచి దూరి వచ్చాడు. "ఒకటి, రెండు, మూడు అంటాను. మూడు అనగానే నా కుడి చేత్తో మీ ఎడమ భుజం తడతాను. తప్పించుకోండి, చాలు" అన్నాను. ఏ చెయ్యో, ఎక్కడికో, ఎప్పుడో అన్నీ చెప్పేశాను. వీడియోల్లో కూడా ఇంత దొరకదు.

మొదటిసారి 'రెండు' దగ్గరే కుడివైపు ఒరిగిపోయాడు. నేను ఎడమ చేత్తో కుడి భుజం తట్టాను. "అదేటి మాస్టారూ, కుడిసెయ్యి అన్నారు కదా!" అన్నాడు. మీరు ముందే కదిలిపోతే నేను ఖాళీ జాగాని ఎందుకు కొడతానండీ అన్నాను. రెండోసారి కదలకుండా కాచుకున్నాడు. చెయ్యి భుజం మీద పడ్డాక కదిలాడు. తర్వాత కొడుకుని నిలబెట్టాను. ఏ చెయ్యో చెప్పలేదు. పదిసార్లలో ఏడుసార్లు తప్పించుకున్నాడు. నాలుగు నెలలుగా వాడు రోజూ రెండు స్తంభాల మధ్య కట్టిన తాడు కింద తల దించుతూ, అటొక అడుగు ఇటొక అడుగు వేస్తూ నడుస్తున్నాడు. అంతకు మించి వాడి దగ్గర రహస్యం ఏమీ లేదు.

కన్ను చూసి, మెదడు పోల్చుకుని, ఒళ్లు కదలాలంటే సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. మంచి జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు) ఆలోపే మొహం మీదికి వచ్చేస్తుంది. అందుకే అనుభవం ఉన్న బాక్సర్ గ్లవ్‌ని చూడడు. భుజం ఎలా కదులుతోంది, బరువు ఏ కాలి మీద పడుతోంది అని చూస్తాడు. ముందే తెలియడమంటే బాక్సింగ్‌లో అదే. అది కాళ్లలో ఉండాలి, ఫోన్‌లో ఉంటే లాభం లేదు.

మరి చరిత్రలో ముందే తెలిసి గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. 1936 జూన్ 19న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో మాక్స్ ష్మెలింగ్ చేతిలో జో లూయిస్ 12వ రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. అప్పటిదాకా లూయిస్‌కి ప్రొఫెషనల్ రింగులో ఓటమే లేదు. ష్మెలింగ్ అంతకు ముందు డిసెంబర్‌లో లూయిస్ బౌట్‌ని రింగు దగ్గర కూచుని చూశాడు. ఫిల్ములు కూడా తెప్పించుకుని చూశాడు. జాబ్ వేశాక లూయిస్ ఎడమ చెయ్యి కిందికి జారుతుందని పట్టేశాడు. సరే, పట్టేశాక ఏం చేశాడు? ఆ జారిన చెయ్యి మీదుగా కుడి చెయ్యి వేయడానికి నెలల తరబడి ఒళ్లు వంచి తయారయ్యాడు. మన వీడియో తండ్రులకి ఈ భాగం వినపడదు.

రెండేళ్లు తిరిగాక, 1938 జూన్ 22న, అదే యాంకీ స్టేడియంలో మళ్లీ వాళ్లిద్దరే. ష్మెలింగ్‌కి తెలిసింది ఎక్కడికీ పోలేదు, బుర్రలోనే ఉంది. కానీ లూయిస్‌కీ, అతని ట్రైనర్ జాక్ బ్లాక్‌బర్న్‌కీ కూడా ఆ లోపం ఇప్పుడు తెలుసు. బౌట్ 2 నిమిషాల 4 సెకన్లలో ముగిసిపోయింది. ష్మెలింగ్ కుడి చేతిని పనిలో పెట్టేలోపే మూడుసార్లు కింద పడ్డాడు. ఒకే రహస్యం ఒకసారి గెలిపించింది, రెండోసారి మూడు నిమిషాల రౌండ్ కూడా దాటించలేకపోయింది.

ఫోర్‌మన్ విషయానికి వద్దాం. 1974 అక్టోబర్ 30, ఆఫ్రికాలోని కిన్షాసా, తెల్లవారుజాము. ఫోర్‌మన్‌కి 25 ఏళ్లు, 40 బౌట్లలో ఓటమి లేదు. అలీకి 32. అలీ తాళ్లకి ఆనుకుని దెబ్బలు కాచుకున్నాడు, ఫోర్‌మన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు, ఎనిమిదో రౌండ్‌లో పడిపోయాడు. ఇది అందరికీ తెలుసు. జనం మర్చిపోయేదేమిటంటే, అలీ తాళ్ల మీదికి వెళ్లడం చూసి అతని సొంత కార్నరే (రింగు మూల నుంచి సలహాలిచ్చే ట్రైనర్ బృందం) కంగారుపడింది. మొదటి రౌండ్‌లో అలీ ఆడిన ఆట వేరు. అది నడవదని తెలిసి దారి మార్చుకున్నాడు. అంటే ఆ ఎత్తుగడ అలీకే బౌట్ మధ్యలో తట్టింది. ఇంక ఫోర్‌మన్‌కి ముందే ఎవరు చెప్తారు? పోనీ ఏ దేవుడో చెప్పాడనుకుందాం. ఫోర్‌మన్ కొట్టకుండా దూరంగా నిలబడేవాడు. అప్పుడు అలీ తాళ్లకి ఆనుకుని ఏం చేస్తాడు, నిద్రపోతాడా? అతనూ మార్చేవాడు. నేను ఆ తండ్రి రెండో భుజం తట్టానే, అలాగ.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఆమదాలవలస వైపు వెళ్తే ఇలాంటి మాటే 2000 సిడ్నీ ఒలింపిక్స్ గురించి వినిపిస్తుంది. మన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు పద్ధతుల్లోనూ కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. పైనున్న ఇద్దరివీ 242.5. ఆఖరి ప్రయత్నంలో 137.5 పెట్టించుకుంది, అది నిలవలేదు. అంతకు ముందు 130 ఎత్తింది కదా, ఇంకో రెండున్నర కిలోలే అడిగుంటేనా అని పెద్దవాళ్లు ఇప్పటికీ బాధపడతారు. ఆ బాధలో అర్థం ఉంది. ఇనుముకి మన ఆలోచన తెలియదు, మనం ప్లాన్ మారిస్తే అది తిరిగి ప్లాన్ మార్చదు. బాక్సింగ్‌లో ఎదురుగా ఉన్నది మనిషి.

తెలియక ఓడినవాళ్ల కంటే తెలిసీ ఓడినవాళ్లే నాకు ఎక్కువ గుర్తుంటారు. 1941లో బిల్లీ కాన్ అదే జో లూయిస్ మీద 12 రౌండ్లు అయ్యేసరికి ఇద్దరు జడ్జిల లెక్కలో ముందున్నాడు, మూడో జడ్జి సమానం ఇచ్చాడు. తప్పించుకు తిరిగితే టైటిల్ చేతికొచ్చేది. లూయిస్ దెబ్బ ఎలాంటిదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా నాకౌట్ చేసేద్దామని 13వ రౌండ్‌లో మీదికి వెళ్లాడు, రౌండ్ ఇంకో 2 సెకన్లు ఉందనగా తనే నాకౌట్ అయ్యాడు. టైసన్ సంగతీ అంతే. 1990 ఫిబ్రవరిలో డగ్లస్‌తో బౌట్ కోసం టోక్యో వెళ్లాక, స్పారింగ్‌లోనే (ప్రాక్టీసు బౌట్‌లోనే) గ్రెగ్ పేజ్ అతన్ని కింద పడేశాడు. అంతకంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలి? బౌట్‌లో కన్ను వాచిపోతే అణచడానికి చల్లటి లోహపు ముక్క కూడా కార్నర్‌లో లేదు, రబ్బరు గ్లవ్‌లో ఐసునీళ్లు పోసి అద్దారు. పదో రౌండ్‌లో పడిపోయాడు.

నిజంగా ముందే తెలిస్తే మారిపోయేదని నాకు అనిపించే బౌట్ ఒక్కటే. 1990 మార్చి 17న మెల్డ్రిక్ టేలర్, చావెజ్ మీద ఇద్దరు జడ్జిల దగ్గర బాగా ముందున్నాడు. ఆఖరి రౌండ్ కూడా గెలవాలని కార్నర్ తోలింది. 2 సెకన్లు ఉందనగా రెఫరీ ఆపేశాడు, గెలుపు చావెజ్‌కి పోయింది. లెక్క తెలిసుంటే ఆ మూడు నిమిషాలు పరుగెత్తి గెలిచేవాడు అంటారు. కావచ్చు. కానీ అప్పటికే మొహం చితికి, నోట్లో రక్తం మింగుతున్న మనిషికి పరుగెత్తే కాళ్లు మిగిలాయా అన్నది కూడా చూడాలి.

నా కథ కూడా చెప్పేస్తాను, సిగ్గు లేకుండా. 1995లో ఒక పోటీకి ముందు స్నేహితుడొకడు రహస్యం మోసుకొచ్చాడు. ఎదుటివాడు జాబ్ వేశాక గడ్డం పైకి లేపుతాడట. ఆ రాత్రంతా పక్క మీద పడుకుని గాల్లో కుడి చెయ్యి విసురుతూనే ఉన్నాను. తీరా బౌట్‌లో వాడు జాబే వెయ్యలేదు. నేను దాని కోసం రెండు రౌండ్లు కాచుక్కూచున్నాను. వాడు హాయిగా డొక్కలో కొట్టుకుంటూ పోయాడు. మూడో రౌండ్‌లో మామూలుగా ఆడాను, ఆ రౌండ్ బాగానే ఆడాను కూడా. అప్పటికే అయిపోయింది. వాడు నన్ను ఓడించలేదు, ఆ రహస్యం ఓడించింది. ఇప్పటికీ వాన పడితే ఎడమ డొక్క సలుపుతుంది (మా ఆవిడ అది గ్యాస్ అంటుంది).

కాబట్టి వీడియోలు దండగా? కాదు. మూడు నాలుగు వారాల ముందు దొరికితే కోచ్‌కి ఇవ్వండి. అందులోంచి ఒక్క విషయం తీసి, పేరు చెప్పకుండా ప్యాడ్స్ (కోచ్ చేతులకి తొడుక్కునే మెత్తలు) మీద రోజూ చేయిస్తాం. పిల్లాడికి అది ఎవరి కోసమో తెలియాల్సిన పనే లేదు. ఎనిమిది రోజుల ముందు దొరికితే మాత్రం మీ ఫోన్‌లోనే ఉంచుకోండి. మీ టెన్షన్ నాకు తెలుసు. కొడుకు దెబ్బలు తింటుంటే కింద కూచుని చూడడం కంటే కష్టం లేదు, ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. వాడికి వేళకి అన్నం పెట్టి, తొమ్మిదింటికి లైటు తీసేయండి.

మిగతావి గబగబా. కిన్షాసాలో తాళ్లు వదులు చేశారు, ఫోర్‌మన్ నీళ్లలో మందు కలిపారు అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. నీళ్ల మాట ఫోర్‌మన్ కూడా ఒకప్పుడు అన్నాడు. రుజువేమీ లేదు, వదిలేయండి. హెడ్‌గార్డ్ ఉంటే తలకి ఏమీ కాదనుకోవడం తప్పు. అది చర్మం చిట్లకుండా ఆపుతుంది గానీ లోపల మెదడు కుదుపుని ఆపదు. 2016 రియో నుంచి ఒలింపిక్స్‌లో మగవాళ్ల బౌట్లకి హెడ్‌గార్డే లేదు. తల తిరుగుతోందని పిల్లాడు చెప్తే ఆ రోజుకి ఆట ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, "ఏం కాదులే" అనకండి. బరువు తగ్గడానికి నీళ్లు మానేయించేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు, ఆ పిల్లల్ని నేను రింగులోకి దించను.

నిన్న పొద్దున్న ఆ తండ్రి మళ్లీ వచ్చాడు. ఫోన్ జేబులోనే ఉంది. కాసేపు నిలబడి చూసి, "నేనూ ఓసారి" అంటూ తాడు కిందికి దూరాడు. రెండో అడుగుకే నడుం పట్టేసింది. నవ్వుతూ అక్కడే కూలబడ్డాడు. వెనకాల నుంచి వాళ్ల గుంటడు అరిచాడు: "నడుం కాదు నాన్నా, మోకాళ్లు వంచాలి!"