కై-స్క్వేర్ పరీక్షలో ‘ఒకటి తక్కువ’ వెనుక కథ

నాలుగు గుంపుల్లో జబ్బు పడ్డవారి నిష్పత్తి ఒకటేనా అని తేల్చడానికి కై-స్క్వేర్ పరీక్ష చేస్తారు. ఒక్కో గుంపులో జబ్బు పడ్డవారు, పడనివారు అని రెండేసి చొప్పున పట్టికలో గడులు 8. ఒక్కో గడిలో వచ్చిన సంఖ్యకూ రావలసిన సంఖ్యకూ ఉన్న తేడాను వర్గం చేసి, రావలసిన సంఖ్యతో భాగించి, అన్నీ కూడతారు. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగల గడుల సంఖ్య) మాత్రం 3. గుంపుల సంఖ్యలో ఒకటి తక్కువ అని విద్యార్థులు బట్టీ పడతారు. నిజానికి ఈ పరీక్షను కనిపెట్టిన కార్ల్ పియర్సన్ లెక్కలో అది 7.

1900లో పియర్సన్ ఈ సూత్రాన్ని పరీక్షించిన వాటిలో జంతుశాస్త్రవేత్త వెల్డన్ పాచికలు ఒకటి. 12 పాచికలను 26,306 సార్లు వేసిన లెక్క అది. పాచిక సరైనదైతే ఏది ఎన్నిసార్లు రావాలో ముందే తెలుసు కాబట్టి గడుల్లోంచి ఒకటి తీసేస్తే సరిపోయింది. గుంపులను పోల్చేటప్పుడు అలా కాదు. రావలసిన సంఖ్యను కూడా చేతిలో ఉన్న సమాచారం నుంచే తీయాలి. దాంతో పెద్ద తేడా రాదని పియర్సన్ అనుకున్నారు.

తేడా చిన్నదేమీ కాదు. కై-స్క్వేర్ విలువ 10 వచ్చిందనుకోండి. 7తో చూస్తే అంత తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత దాదాపు 0.19, పట్టించుకోనక్కర్లేదు. 3తో చూస్తే 0.02 లోపే! 1915లో టైఫాయిడ్, కలరా టీకాల లెక్కలు పరిశీలించిన గణాంకవేత్తలు గ్రీన్‌వుడ్, యూల్ ఇక్కడే తికమకపడ్డారు. అవే అంకెలకు రెండు పద్ధతులు రెండు జవాబులిచ్చాయి.

చిక్కుముడి విప్పింది గణాంకవేత్త ఆర్.ఎ. ఫిషర్, 1922లో. అడ్డు, నిలువు మొత్తాలు ఖాయమయ్యాక మూడు గడులు నింపితే మిగతా ఐదూ వాటంతటవే నిండుతాయి. ఇంత తేలికైన మాట పియర్సన్‌కు మింగుడుపడలేదు. ఫిషర్‌ను గాలిమరలతో పోరాడిన డాన్ క్విక్సోట్‌తో పోల్చి ఎద్దేవా చేశారు. పెద్దరికం అడ్డొచ్చిందనే నాకు అనిపిస్తుంది.

ఫిషర్ 1926లో బదులు తీర్చుకున్నారు, అదీ పియర్సన్ కొడుకు ఈగన్ తయారుచేసిన వేల పట్టికలతోనే. రెండు అడ్డు, రెండు నిలువు వరుసల పట్టికలవి. తండ్రి మాట నిజమైతే కై-స్క్వేర్ సగటు 3 రావాలి, ఫిషర్ మాట నిజమైతే 1. వచ్చింది దాదాపు 1.

ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన మన గణాంకవేత్త సి.ఆర్. రావు 1948లో స్కోర్ పరీక్షను (ఒక ఊహ సమాచారానికి సరిపోతుందో లేదో తేల్చే సాధారణ పద్ధతిని) ప్రతిపాదించారు. పియర్సన్ కై-స్క్వేర్ అందులో ఒక ప్రత్యేక సందర్భంగా ఒదిగిపోతుంది.